సంకల్పమున పలుకు దేశము



ఏ వైదిక కర్మ యైనను సంకల్పముతోనే ఆరంభమగును. ఆచమనము, ప్రాణాయామము ముగిసిన పిదప కర్త తాను నిలిచిన కాలమును, దేశమును నోరార చెప్పుకొనును. శ్వేతవరాహ కల్పము, వైవస్వత మన్వంతరము, కలియుగ ప్రథమ పాదము అని కాలమును చెప్పి, జంబూద్వీపము, భరతవర్షము, భరతఖండము, మేరువునకు దక్షిణ దిగ్భాగము అని దేశమును చెప్పును. అంతటితో ఆగడు. శ్రీశైలమునకు తాను ఏ దిక్కున ఉన్నాడో, ఏ రెండు నదుల నడుమ ఉన్నాడో చెప్పి, సంవత్సరము మొదలు నక్షత్రము వరకు పంచాంగము చదివి, చివరకు తన గోత్రమును, తన నామధేయమును చెప్పును. ఆ తరువాతనే పూజ.

సర్వవ్యాపియైన పరమేశ్వరునకు ఈ చిరునామా ఎందుకు? అణువణువున నిండియున్నవానికి కర్త కృష్ణకు ఉత్తరమున ఉన్నాడో దక్షిణమున ఉన్నాడో తెలియదా? ఈ ప్రశ్న బాలురు అడుగుదురు. పెద్దలు నవ్వి ఊరకుందురు. కాని ఇది నవ్వి విడువదగిన ప్రశ్న కాదు. దేశకాల సంకీర్తనము ఈశ్వరునకు తెలియజేయుట కొరకు కాదు, కర్తకు జ్ఞాపకము చేయుట కొరకు. నీవు ఆకాశమునుండి ఊడిపడినవాడవు కావు. ఒక నేలపై, ఒక నీటి ఒడ్డున, ఒక వంశమున జనించినవాడవు. చేయబోవు కర్మకు నీవొక్కడవే ఆధారము కావు, నీ కాలి క్రింది భూమియు ఆధారమే అని ఆ సంకల్పము కర్తకు ప్రతిదినము చెప్పుచున్నది.

దేశభక్తిని గూర్చి ఈ కాలమున మాటలకు కొదవ లేదు. సభలలో, వీధులలో, చేతి ఫోనులలో ఆ పదము నిత్యము మ్రోగుచున్నది. అయినను ‘నీకు ఈ దేశమనిన ఎందుకు ప్రీతి?’ అని ఒక్కనిని నిలిపి అడిగినచో, వచ్చు సమాధానము తరచుగా ఇతరులు చెప్పగా విన్నదే: ప్రాచీన నాగరికత, విశ్వగురుత్వము, హిమాలయములు, మహర్షులు. ఇవి అసత్యములు కావు. కాని ఇందులో చెప్పువాని పేరు లేదు, గోత్రము లేదు, వాని ఊరి చెరువు లేదు. గోత్రనామములు లేని సంకల్పమునకు ఫలభాగి ఎవ్వడు? అట్లే స్వకీయ కారణము లేని దేశభక్తియు కర్త లేని కర్మ వంటిది. మంత్రము పలుకబడుచున్నది, పలుకువాడు మాత్రము అందులో లేడు.

సంకల్పక్రమమును కొంచెము పరికించినచో ఒక సూక్ష్మము గోచరించును. రాజమహేంద్రవరమున కూర్చున్నవాడు తాను శ్రీశైలమునకు ఈశాన్యమున ఉన్నానని చెప్పును. భాగ్యనగరమువాడు వాయవ్యమనును. అనంతపురమువాడు నైరృతి యనును, తిరుపతివాడు ఆగ్నేయమనును. గిరి ఒక్కటే, మల్లికార్జునుడు ఒక్కడే. దిక్కు మాత్రము ఎవనిది వానిదే. ఒకడు మరియొకని దిక్కును పలికినచో సంకల్పము తప్పగును. దేశప్రీతియు ఇట్టిదే. అందరు చూచునది ఒకే మాతను, కాని ప్రతివాడును తాను నిలిచిన చోటునుండియే చూడవలెను. రైతు దిక్కు వేరు, నేతగాని దిక్కు వేరు, సైనికుని దిక్కు వేరు, వేదవిద్యార్థి దిక్కు వేరు. అందరిచేత ఒకే దిక్కు చెప్పింపవలెనను పట్టుదల భక్తి కాదు, సంకల్పదోషము.

ఇచ్చట వేదాంతి ఆక్షేపము ఒకటి కలదు. అది సాధకులలో బలముగా పాతుకొన్నది గనుక దానిని ముందుగా విచారింపవలెను. ‘దేశము ఉపాధి. ఆత్మకు దేశము లేదు, కాలము లేదు. దేహాభిమానమే బంధమైనప్పుడు దేశాభిమానము అంతకంటె పెద్ద బంధము కాదా? ముముక్షువు మమకారమును విడువవలెను గాని, దానిని ఆసేతుహిమాచలము వ్యాపింపజేయుట ఏమి సాధన?’ అని ఆ వాదము. తర్కము నిర్దుష్టముగనే కనబడును. అయితే ఈ మాట చెప్పుటకు సంపూర్ణాధికారము కలిగిన శంకరభగవత్పాదులే తమ జీవితమున మరియొక విధముగా ఆచరించిరి.

కేరళమున కాలడి యందు అవతరించిన ఆ మహనీయుడు బ్రహ్మము తప్ప అన్యము సత్యము కాదని ప్రతిపాదించెను. ప్రతిపాదించి ఒక గుహలో కూర్చుండలేదు, భరతఖండమంతయు నడచెను. దక్షిణమున శృంగేరి, పశ్చిమమున ద్వారక, తూర్పున పురీ, ఉత్తరమున జ్యోతిర్మఠము అను చతురామ్నాయ పీఠములు ఆయన స్థాపించినవేనని సంప్రదాయము. నేటికిని హిమాలయమధ్యమున బదరీనారాయణుని అర్చించు రావల్ కేరళ దేశపు నంబూద్రి కుటుంబములనుండియే వచ్చుచున్నాడు. మిథ్య యని త్రోసివేయదగిన దేశమున ఇంతటి ఏర్పాటు ఎందుకు? వ్యవహారదశలో ఉన్నంతవరకు వ్యవహారధర్మము తప్పదని ఆచార్యుల హృదయము గనుక.

అంతకంటె లోతైన దృష్టాంతము వారి చరిత్రముననే కలదు. సన్న్యాసికి అంత్యేష్టి చేయు అధికారము లేదు. పూర్వాశ్రమ బంధములన్నియు తెగిపోయినవి. అయినను తల్లి ఆర్యాంబ దేహము చాలించినప్పుడు, ఇచ్చిన మాటను నిలుపుకొని, బంధువులు సహకరింపకపోయినను ఆమెకు స్వయముగా దహనసంస్కారము చేసిరని శంకరవిజయములు చెప్పుచున్నవి. ఆయనకు తల్లిపై మమకారము మిగిలియున్నదని ఎవ్వరును అనజాలరు. మిగిలినది ఋణము. ‘ఈమె నాది’ అనునది మమకారము. ‘నేను ఈమె వలన కలిగినవాడను’ అనునది కృతజ్ఞత. మొదటిది బంధించును, రెండవది శోధించును. దేశము విషయమునను ఈ భేదమును గ్రహించినచో వేదాంతి ఆక్షేపము శమించును. ‘దేశము నాది’ అని గర్వించువాడు నిజముగనే బద్ధుడు. ‘నేను ఈ దేశమునకు ఋణపడియున్నాను’ అని తలవంచువాడు సాధకుడు.

ఋణభావన వేదమునకు క్రొత్త కాదు. పుట్టుకతోనే మూడు ఋణములు వెంట వచ్చునని, బ్రహ్మచర్యముచే ఋషులకు, యజ్ఞముచే దేవతలకు, సంతతిచే పితరులకు వానిని తీర్చుకొనవలెనని తైత్తిరీయ సంహిత ఉపదేశించుచున్నది. పంచమహాయజ్ఞములలో మనుష్యయజ్ఞము, భూతయజ్ఞము కూడ చేరినవి. అనగా తోడి మానవునకు, తక్కిన ప్రాణికోటికి సైతము గృహస్థుడు నిత్యము అప్పు చెల్లింపవలసినవాడే. ఈ ఋణములన్నియు ఎక్కడనో ఊహాలోకమున ఏర్పడలేదు. ఒకానొక ఊరిలో, ఒకానొక వీధిలో, పేరు పెట్టి చెప్పగల మనుష్యుల చేతులనుండి ఏర్పడినవి. స్వదేశమును ప్రేమించుటకు స్వకీయ కారణము ఏదని అడిగినచో, ఈ ఋణముల పట్టికయే కారణము.

వేదవిద్యార్థి సంగతి చూడుడు. పదము, క్రమము, జట, ఘనము అను పాఠములతో, స్వరము తప్పక, గ్రంథసహాయము లేక వేదము వేల సంవత్సరములు నిలిచినదని లోకము ఆశ్చర్యపడుచున్నది. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థయైన యునెస్కో సైతము 2003లో ఈ వేదపఠన సంప్రదాయమును మానవాళి అమూల్య వారసత్వముగా ప్రకటించినది. ఈ కీర్తి అధ్యాపకులకు, అధ్యేతలకు దక్కినది, దక్కవలసినదే. కాని ఆ విద్యార్థికి అన్నము పెట్టినది ఎవరు? తెలుగునాట వారములు చేసికొని చదువుట యను పద్ధతి యుండెడిది. సోమవారము ఒక ఇంట, మంగళవారము మరియొక ఇంట, ఇట్లు ఏడు దినములకు ఏడు గృహములు. కొందరు మధూకరమెత్తి చదివిరి. ఆ ఇండ్లలో అందరు ధనికులు కారు. ఉన్న పిడికెడు బియ్యములో ఒక వంతు పరాయి బిడ్డకు పెట్టి, వాడు కూర్చున్న విస్తరి దగ్గర నిలిచి ‘ఇంకొంచెము పెట్టుకో నాయనా’ అనిన గృహిణుల పేర్లు ఏ శాసనమునను లేవు. ఆ అన్నము వెనుక దుక్కి దున్నినవాడు, నాట్లు వేసినవారు, కుండ చేసినవాడు, బట్ట నేసినవాడు ఉన్నారు. ఆ విద్యార్థి పెద్దవాడై ఘనపాఠి యైన పిదప వానికి దేశమనగా ఏమి? పటముపై గీసిన గీతలు కావు. ఆ ఏడు గుమ్మములు. ఘనపాఠికి అగ్రాసనమిచ్చు సభ ఆ ఏడు గుమ్మములను మరచినచో అది విద్యాసభ కాదు.

అన్నము తరువాత నీరు. పశ్చిమ కనుమలలో నాసికకు సమీపమున త్ర్యంబకమునందు పుట్టిన గోదావరి 1465 కిలోమీటర్లు ప్రవహించి సాగరమును చేరుచున్నది. రాజమహేంద్రవరము కోటిలింగాల రేవున మునుగువాని శిరస్సుపై పడు నీటిలో త్ర్యంబకపు వర్షము ఒక్కటియే లేదు. మంజీర తెచ్చినది కలదు, ప్రాణహిత తెచ్చినది కలదు, ఒడ్డె కొండలలో పుట్టిన ఇంద్రావతీ శబరులు మోసికొని వచ్చినది కలదు. మహారాష్ట్రుడు, కన్నడిగుడు, గోండు, కోయ, ఒడియ, తెలంగాణీయుడు ఎవ్వరును ‘ఇది మా నీరు’ అని బిగబట్టని భాగమే కోనసీమ కొబ్బరితోటకు చేరుచున్నది. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి అను ఏడు నదులను ఒక్క చెంబులోని నీటిలోనికి ఆవాహనము చేయు ఆచారము కవిత్వము కాదు. ఏ చెంబు నీరైనను ఒక్క ఊరి సొత్తు కాదను సత్యమును స్నానసమయమున జ్ఞాపకము చేయుటయే అది.

ఈ గోదావరి ప్రసంగముననే మరియొక ధర్మసూక్ష్మము కలదు. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమను పీడించిన కరువు ‘డొక్కల కరువు’ అని జనుల నోట నిలిచిపోయినది. ఎముకలగూళ్ళుగా మారిన మనుష్యులను చూచినవారు పెట్టిన పేరు అది. కరువు కాటకముల ఆ కాలముననే, 1847లో ఆరంభించి 1852 నాటికి ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించినవాడు ఆర్థర్ కాటన్ అను ఆంగ్లేయుడు. డెల్టా పచ్చబడినది. ఆ సీమ పండితులు ఆయనను భగీరథునితో పోల్చి, స్నానపుణ్యము ప్రసాదించినవానిగా స్మరించు శ్లోకమును ప్రచారమునకు తెచ్చిరి. నేటికిని ఆ పల్లెలలో ఆయన విగ్రహములకు పూలదండలు పడుచున్నవి.

ఆ పండితులు పరపాలనను మెచ్చినవారని దీని అర్థము కాదు. పాలకుల దోపిడి వేరు, నీరు ఇచ్చిన చేయి వేరు అని వివేచింపగలిగిన బుద్ధి వారిది. స్వదేశప్రీతికి ఇది గొప్ప పరీక్ష. పరదేశీయునిలోని ఉపకారమును గుర్తింపలేని హృదయము స్వదేశీయుని ఉపకారమును సైతము చిరకాలము గుర్తింపలేదు, ఏలయన కృతజ్ఞత ఒక్కటే గుణము. దానికి సరిహద్దు గీచినచో ఇరువైపులను ఎండిపోవును. తన తల్లిని స్తుతింపవలెనన్న పొరుగువాని తల్లిని నిందింపనక్కర లేదు. అట్లు నిందించువాడు తల్లిని ప్రేమించుచున్నాడో, కలహమును ప్రేమించుచున్నాడో తానే తర్కించుకొనవలెను. దంభమును, దర్పమును భగవద్గీత షోడశాధ్యాయము ఆసురీ సంపదలో లెక్కించినది. దేశము పేరు పెట్టుకొన్నంత మాత్రమున దర్పము దైవీ సంపద కాజాలదు.

అథర్వవేదము ద్వాదశ కాండారంభమున 63 మంత్రముల పృథివీసూక్తము కలదు. భూమిని తల్లిగా, మానవుని పుత్రునిగా భావించు ఋషి, ఆ తల్లి వేర్వేరు భాషలు మాటలాడువారిని, వేర్వేరు ఆచారములు కలవారిని ఒక్క ఇంటివారివలె భరించుచున్నదని దర్శించెను. భాషాభేదము, ఆచారభేదము దేశమునకు కలిగిన వ్యాధి యని ఆయనకు తోచలేదు. తల్లి ఒడి వైశాల్యముగా తోచినది. ఈ సూక్తమును పారాయణము చేయుచు, వేరు భాషవానిని చూచి ముఖము త్రిప్పుకొనువాడు తాను చదివినదానికి తానే విరుద్ధసాక్షి.

దేశమును ప్రేమింపవలెనన్న దేశమును ఎరుగవలెను. పూర్వులకు ఈ ఎరుక తీర్థయాత్రచే కలిగినది. రామేశ్వరమున సేతువు ఇసుకను మూటగట్టి ప్రయాగ త్రివేణిలో కలిపి, అచ్చటి గంగను తెచ్చి రామనాథునకు అభిషేకించు ఆచారము దేశమునకు ఇరుకొసలను కాలినడకతో కుట్టిన సూది వంటిది. చెన్నపట్టణము సుప్రీంకోర్టున ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే మాసమున పరివారముతో బయలుదేరి, కాశీ, ప్రయాగ, గయ సేవించి, 1831 సెప్టెంబరున ఇల్లు చేరెను. ఆయన కాశీయాత్రా చరిత్ర 1838లో అచ్చయినది. అందులో దేవాలయముల మహిమలు మాత్రమే లేవు. ఏ మజిలీలో మంచినీరు దొరకును, ఎచ్చట బియ్యము ప్రియము, ఏ ఊరి జనుల నడవడి ఎట్టిది, ఏ అడవి దారి కఠినము అనునవన్నియు ఓపికగా వ్రాయబడినవి. దేశము పేరు చెప్పి ఒక్క ఆవేశవాక్యము వ్రాయకపోయినను, పదునైదు మాసములు ఆ దారుల దుమ్ము త్రాగినవాడు దేశమును ప్రేమించినవాడు కాడని ఎవరనగలరు? నేటి యాత్రికుడు విమానమున దిగి, శీఘ్రదర్శనము చేసికొని, ఛాయాచిత్రము తీసికొని మరలుచున్నాడు. దైవదర్శనము కలిగినది, మార్గమధ్యమున ఉన్న దేశము మాత్రము కనబడలేదు.

దూరము సైతము ఒక్కొక్కప్పుడు ఈ ఎరుకను కలిగించును. వివేకానందస్వామి 1892 డిసెంబరున కన్యాకుమారి చేరునప్పటికే దేశమంతయు పరివ్రాజకునిగా తిరిగి దరిద్రుల గుడిసెలను, రాజుల సౌధములను చూచియుండెను. 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాదు మహబూబు కళాశాలలో తన పాశ్చాత్యయాత్రా లక్ష్యమును గూర్చి ఉపన్యసించి, మే 31న బొంబాయిలో నౌకనెక్కెను. 1897 జనవరి 15న కొలంబోలో దిగెను. వెళ్ళుటకు పూర్వము దేశమును ప్రేమించితిననియు, ఇప్పుడు ఆ దేశపు ధూళి సైతము పవిత్రమైనదనియు ఆయన భావము ప్రకటించెను. గమనింపవలసినది ఏమనగా, ఆయన పరదేశమును ద్వేషించి ఈ భావమునకు రాలేదు. అచ్చటి కార్యదక్షతను, సంఘటనశక్తిని మెచ్చుచునే స్వదేశమును మరింత ప్రేమించెను. ప్రేమించుచునే స్వదేశపు దోషములను ఎవ్వరును అననంత కఠినముగా ఖండించెను.

విదేశములలో స్థిరపడిన తెలుగు కుటుంబముల ప్రశ్న ఇచ్చటనే వచ్చును. అమెరికాలో పూజ జరుగునప్పుడు పలువురు పురోహితులు జంబూద్వీపమునకు మారుగా క్రౌంచద్వీపమని, భరతవర్షమునకు మారుగా రమణకవర్షమని చెప్పుచున్నారు. ఆ మాట వినగానే కొందరు గృహస్థుల మనస్సు కలుక్కుమనును. భరతఖండము సంకల్పమునుండి తొలగినచో తాము దేశమునకు పరాయివారమైతిమా అను శంక. ఈ శంకకు సమాధానము శ్రీకృష్ణుని బాల్యముననే కలదు. దేవకి కన్నది, యశోద పెంచినది. పాలిచ్చి పెంచిన తల్లిని ఆదరించినందున కన్నతల్లికి లోటు కలుగలేదు. పెద్దవాడైన పిదప ఆయనయే చెర విడిపించెను. నిలిచిన నేలను ఉన్నది ఉన్నట్లు పలుకుట సత్యము. ఆ నేల నియమములను పాటించుట, అచ్చటివారికి ఉపకరించుట ధర్మము. అది జన్మభూమికి ద్రోహము కాదు.

అయితే దేవకి ఋణము సంకల్పవాక్యముతో తీరదు. గోపురమునకు బంగారు కలశము చేయించి శిలాఫలకముపై పేరు చెక్కించుకొనుట సులభము. ఊరిలో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రుల దగ్గర సంవత్సరమున ఒక మాసము కూర్చుండుట కష్టము. అక్షరములు దిద్దించిన పంతులుగారికి మందుల ఖర్చు పంపుట, చదువుకొనిన బడికి పైకప్పు వేయించుట, ఒక వేదవిద్యార్థి భోజనభారము వహించుట అనునవి చిన్న పనులు, ఫలకములు లేనివి. మాతృదేశము అను పెద్ద పదము ఈ చిన్న పనుల రూపముననే కంటికి కనబడును.

ఇంకొక ఆక్షేపము అన్నిటికంటె గంభీరమైనది. దీనిని దాటవేయుట ధర్మము కాదు. ‘ఈ దేశము మాకేమి ఇచ్చినది? మా తాతలు తవ్విన బావిలో మాకు నీరు లేదు. మా తాతలు రాళ్ళు మోసిన గుడిలో మాకు ప్రవేశము లేదు. ఏ ఋణము తీర్చుకొనుమందురు?’ అని అడుగువారు ఈ భూమిపై ఉన్నారు. ఈ ప్రశ్నకు శ్లోకములతో జవాబు చెప్పుట అపచారము. ఋణశాస్త్రము ప్రకారమే వారి మాట న్యాయము. వారు ఋణదాతలు. ఋణగ్రస్తులు తక్కినవారు. తిరువాన్కూరు సంస్థానమున 1936 నవంబరు 12 నాటి ప్రకటనచే దేవాలయద్వారములు హిందువులందరికిని తెరువబడినవి, దైవసాన్నిధ్యము తగ్గలేదు. 2018లో భాగ్యనగరము జియాగూడ రంగనాథాలయమున ఒక అర్చకుడు దళిత భక్తుని భుజములపై మోసికొని సన్నిధికి చేర్చెను. లోకసారంగముని తిరుప్పాణాళ్వారును మోసిన వృత్తాంతమునకు అది పునరాచరణము. దేశమును ప్రేమింపుమని అట్టివారికి ఉపదేశించుట మాని, వారు ప్రేమింపదగినట్లుగా దేశమును చేయుటయే తక్కినవారి దేశభక్తి. తల్లి అన్నము పెట్టలేదని ఏడ్చు బిడ్డను, తల్లిని దూషించితివని దండించు అన్న ఎట్టి అన్న?

ఈ దృష్టితో చూచినచో దేశభక్తులెవరో లెక్క మారును. గోదావరి లంకలలో, లంకల గన్నవరమున, డొక్కా సీతమ్మగారు 1841 మొదలు 1909 వరకు జీవించినది. వేళ కాని వేళ వచ్చినవానికైనను, కులమడుగక, ఆమె విస్తరి వేసినది. ఒకమారు అంతర్వేది దర్శనమునకు బయలుదేరి, దారిలో ఆకలిగొన్న ప్రయాణికులు తన ఇంటికే పోవుచున్నారని విని, యాత్ర మాని వెనుకకు మరలెనని ఆ సీమవారు చెప్పుకొందురు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమునకు ఆహ్వానము వచ్చినను ఆమె కదలలేదని కూడ వారు చెప్పుదురు. ఆమె దేశమును గూర్చి ఉపన్యసించలేదు. ఆమెకు దేశము గుమ్మము ముందు ఆకలితో నిలిచినవాని ముఖమున కనబడినది. ఇంతకంటె స్వకీయమైన కారణము వేరొకటి ఉండునా?

ప్రేమకు లక్షణము దోషమును కప్పుట కాదు, దానిని తీర్చుట. తల్లికి జ్వరము వచ్చినప్పుడు ‘మా తల్లికి జ్వరమా!’ అని ఆగ్రహించువాడు పుత్రుడు కాడు. వైద్యుని పిలుచువాడు పుత్రుడు. నీటిలో ఉమ్మివేయరాదని, మలినములు విడువరాదని మనుస్మృతి చతుర్థాధ్యాయము స్నాతకునకు విధించినది. ఆ విధిని చదివినవారి ఎదుటనే నిర్మాల్యము ప్లాస్టిక్ సంచితో సహా నదిలో పడుచున్నది. పాత పటములు గాజుతో సహా పడుచున్నవి. విడిచిన వస్త్రములు మెట్లకు చుట్టుకొని కుళ్ళుచున్నవి. ‘గోదావరీ మాత’ అని నమస్కరించిన చేతులే ఆ సంచిని విసరినవి. నదిని తల్లి యనుట ఆ మాటకు తగిన నడవడిచేతనే సత్యమగును.

బృహస్పతి సింహరాశి ప్రవేశముతో 2027లో గోదావరికి పుష్కరములు రానున్నవి. లక్షల జనము రేవులకు చేరుదురు. ప్రతివాడును సంకల్పము చెప్పుకొనును. పురోహితుడు వడివడిగా చదివి, కర్త తలయూపి, మునిగి, తీరము చేరుట సాధారణము. అట్లు గాక, పురోహితుడు ఆ దేశవాక్యమును నిదానముగా పలికి అర్థము చెప్పుట తన విధి యని తలపవలెను. కర్తయు తాను నిలిచిన దిక్కును, నదిని, ఊరిని తెలిసి పలుకవలెను. పలుకుచు, ఆ నేలపై తనకు అన్నము పెట్టినవారు ఎవరు, అక్షరము నేర్పినవారు ఎవరు, తన కొరకు నీరు విడిచినవారు ఎవరు, తన పూర్వులు ఎవరిని గుమ్మము బయట నిలిపిరి అని నాలుగు పేర్లు మనస్సున తలపవలెను.

ఆ నాలుగింటిలో ఒక్క ఋణమైనను ఆ సంవత్సరము ముగియులోపల తీర్చుకొనినచో, వాడు పలికిన భరతఖండము శబ్దమాత్రము కాదు. తీర్చుకొనుటకు ధనమే అక్కర లేదు. ఒకరి ఇంటికి నడచి వెళ్ళుట చాలును. ఒకరిని లోనికి పిలుచుట చాలును. రేవున పడియున్న సంచిని వంగి ఎత్తుట చాలును. వంగినప్పుడు శిరస్సు భూమికి దగ్గరగును. మాతకు నమస్కారమనగా అదియే.

స్వస్తి.